హార్లో కుర్రాడి గొంతు

ఇంగ్లండ్‌లోని హార్లో అనే ఊళ్ళో మాకిచ్చిన క్వార్టర్స్‌లో వాషింగ్ మెషీన్ లేదు. అది ఉండి ఉంటే నిక్ కేమెన్ అనే పాటగాడు నా జీవితంలోకి వచ్చేవాడే కాదేమో.

1985 అక్టోబర్‌లో కాకినాడ నుంచి వెళ్ళాను. అంతకు ఆర్నెల్ల ముందే పెళ్ళైంది. మా ఆయన అప్పటికే అక్కడ జూనియర్ డాక్టరు. పెళ్ళికి మూడు వారాల సెలవు మీద వచ్చి వెళ్ళిపోయారు. నాకు వీసా వచ్చాక హీత్రోలో ఎదురొచ్చి తీసుకెళ్ళారు. ఒక గది, ఒక చిన్న వంటిల్లు, అదీ మా కాపురం. ఆయనకి రోజు విడిచి రోజు ఆన్ కాల్. పొద్దున వెళ్ళిన మనిషి మర్నాడు సాయంత్రం వచ్చి, ఏం తిన్నారో కూడా తెలియనంత మత్తులో నిద్రపోయేవారు. నాకు ఇరవై రెండేళ్ళు. బీకాం పాసయ్యాను, ఇంగ్లీషు పేపరు గడగడా చదివేదాన్ని. కానీ హార్లో ఉన్న ఎసెక్స్ జిల్లా వాళ్ళు నోటితో మాట్లాడే ఇంగ్లీషు మొదటి రెండు నెలలూ ఒక్క ముక్క పట్టుబడలేదు.

హార్లో పాత ఊరు కాదు. యుద్ధంలో లండన్ మీద బాంబులు పడి ఇళ్ళు పోయాక, అక్కడి జనానికి ఇళ్ళు కావాలని 1947లో పొలాల మధ్య పనిగట్టుకుని కట్టడం మొదలుపెట్టిన ఊరు. బ్రిటన్‌లో మొట్టమొదటి టవర్ బ్లాక్, అంటే ఎత్తైన ఫ్లాట్ల భవనం, అక్కడే ఉంది, ద లాన్ అంటారు. ఊళ్ళో అందరూ ఎక్కడినుంచో వచ్చినవాళ్ళే, లేదా అలా వచ్చినవాళ్ళ పిల్లలు. అప్పట్లో ఆ సంగతి నాకు తెలీదు. తెలిసి ఉంటే కొంచెం ధైర్యంగా ఉండేదేమో.

బట్టలుతకాలంటే లాండ్రెట్‌కి వెళ్ళాలి. మనూళ్ళో చాకలి రేవు ఎలాగో వాళ్ళకి లాండ్రెట్ అలాగ. వరసగా పెద్ద మెషీన్లు, నాణేలు వేస్తే తిరుగుతాయి. గోడవారన డ్రయర్లు, మధ్యలో చెక్క బల్ల. సోమవారం పొద్దున బట్టల సంచి చేత్తో పట్టుకుని, కోటు మీద శాలువా కప్పుకుని వెళ్ళేదాన్ని. బయట చలి ఎముకలు కొరికేస్తుంటే లోపల వెచ్చగా, సబ్బు వాసనతో, అద్దాలమీద ఆవిరితో ఉండేది. ఆ గదిలో కూర్చుంటే మా వంటింట్లో గంజి వార్చేటప్పుడు పక్కన కూర్చున్నట్టు ఉండేది నాకు.

నేను తీసుకెళ్ళినవన్నీ నేత చీరలే. మొదటి రోజు ఒక ఉప్పాడ నూలు చీరని అలాగే మెషీన్లో పడేశాను. అది తిరిగి తిరిగి మోకులాగా మెలిపడిపోయి, మా ఆయన తెల్ల చొక్కాల చుట్టూ బిగుసుకుపోయింది. లాగితే రాదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లాండ్రెట్ చూసుకునే పెద్దావిడ, అరవై దాటి ఉంటాయి, నీలం రంగు ఓవరాల్ వేసుకుని వచ్చి నా పక్కన నిలబడింది. ఏమీ మాట్లాడలేదు. మెల్లగా ఒక్కొక్క మెలికా విప్పింది. తర్వాత చీర ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచింది. వాకిలి దాకా వెళ్ళినా చీర ఇంకా అయిపోలేదు. ఆవిడ నవ్వింది. మేమిద్దరం దుప్పటి మడతపెట్టినట్టు, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలిపి, మళ్ళీ వెనక్కెళ్ళి, ఆ చీర మడతపెట్టాం. పై వారం నుంచి చీరని దిండు గలీబులో పెట్టి మూతి కట్టి వెయ్యమని చూపించింది. నన్ను 'లవ్' అని పిలిచేది. మన 'అమ్మడూ'కి అక్కడి మాట అది. ఆవిడ పేరు నేనెప్పుడూ అడగలేదు.

ఆ ఏడాది క్రిస్మస్ మర్నాడు, బాక్సింగ్ డే అంటారు, టీవీలో మొదటిసారి ఆ లీవైస్ జీన్స్ ప్రకటన వచ్చింది. అద్దెకి తెచ్చుకున్న టీవీ మాది. మా ఆయన నిద్రపోతున్నారు. నేను సౌండ్ తగ్గించి చూస్తున్నాను.

తెర మీద ఒక లాండ్రెట్. పాతకాలం అమెరికాలో ఉన్నట్టు వేసిన సెట్టు. నల్ల కళ్ళజోడు పెట్టుకున్న కుర్రాడొకడు లోపలికొస్తాడు. వెనకాల అమెరికా గాయకుడు మార్విన్ గే పాట. ఆ అబ్బాయి ఒక సంచిలోంచి రాళ్ళు మెషీన్లో పోస్తాడు, స్టోన్ వాష్ అన్నమాట. తర్వాత టీ షర్టు విప్పి మెషీన్లో వేస్తాడు. బెల్టు తీసి జీన్సు కూడా విప్పేసి అందులో పడేస్తాడు. తెల్ల బాక్సర్ షార్ట్స్‌తో, మేజోళ్ళతో వెళ్ళి బల్ల మీద ఓ భారీ మనిషి పక్కన కూర్చుని పత్రిక తీస్తాడు. ఆడపిల్లలు ముసిముసిగా నవ్వుకుంటారు. అంతే. ఒక్క మాట లేదు.

నేను గబుక్కున మా ఆయన వైపు చూశాను, చూశారేమో అని. కానీ అందులో నన్ను పట్టేసింది ఆ విప్పడం కాదు. అంతమంది చూస్తున్నా ఆ మొహంలో బిడియం లేదు, పొగరు కూడా లేదు. తన ఇంట్లో తను ఉన్నంత తేలిగ్గా కూర్చున్నాడు. అదే లాండ్రెట్‌లో ప్రతి సోమవారం చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, ఎవరు చూస్తున్నారో అని ముడుచుకు కూర్చునే నాకు అది ఎంత పెద్ద విషయమో ఇప్పుడు చెప్పినా అర్థం కాదు.

పై సోమవారం వెళ్ళేసరికి లాండ్రెట్ అంతా అదే మాట. మా పెద్దావిడ నన్ను చూడగానే బల్ల మీద చరిచి చెప్పింది, "వాడు మన హార్లో పిల్లాడే, లవ్! ఇక్కడే పుట్టాడు." అప్పటికి ఆవిడ మాట కాస్త అర్థమవుతోంది. 'మన' అనడం నాకు బాగా వినపడింది.

ఆ కుర్రాడే నిక్ కేమెన్. నిజంగానే ఆయన పుట్టింది హార్లోలో, 1962 ఏప్రిల్‌లో. అసలు పేరు ఐవర్ నెవిల్ కేమెన్.

ఆ ప్రకటన చేసిన పని చిన్నది కాదు. బీబీహెచ్ అనే ప్రకటనల ఏజెన్సీ, జాన్ హెగార్టీ బృందం తీసింది. ముందు మామూలు బ్రీఫులే అనుకున్నారట, సెన్సార్ వాళ్ళు ఒప్పుకోకపోతే బాక్సర్లు వేశారు. దాంతో దేశంలో బాక్సర్ షార్ట్స్ వేసుకోవడం ఫ్యాషన్ అయిపోయింది. లీవైస్ 501 జీన్స్ అమ్మకాలు 800 శాతం పెరిగాయని చెప్పుకునేవాళ్ళు. 1968 నాటి మార్విన్ గే పాట, ఆయన పోయిన రెండేళ్ళకి 1986లో మళ్ళీ బ్రిటిష్ చార్టుల్లో 8వ స్థానానికి వచ్చింది. ఇన్ని లాభాలు ఇంతమందికి తెచ్చిపెట్టిన కుర్రాడు అందులో నోరు తెరవలేదు. ఈ సంగతి నాకు అప్పుడు తోచలేదు, తర్వాతెప్పుడో తోచింది. తోచాక వదల్లేదు.

ఆయన మోడలింగ్ మొదలుపెట్టింది ఆ ప్రకటనతో కాదు. 1984లోనే 'ద ఫేస్' పత్రిక కవర్ మీద వచ్చాడు. జేమీ మోర్గాన్ ఫొటో, రే పెట్రీ స్టైలింగ్. బఫెలో అని పేరు పెట్టుకున్న ఒక గుంపు వాళ్ళది. పెట్రీ ఒక పని చేశాడు. అప్పటిదాకా ఫ్యాషన్ పత్రికల్లో కనపడని మొహాల్ని, మిశ్రమ జాతుల పిల్లల్ని, వీధిలో కనిపించే కుర్రాళ్ళని పిలిచి నిలబెట్టాడు. ఖరీదైన సూటు మీద మిలిటరీ జాకెట్, మొరటు బూట్లు, నెత్తిన ఒక టోపీ. ఇవాళ ఎవరైనా అలా వేసుకుంటారు కానీ అప్పుడు అది తెగింపు. నిక్‌తో పాటు ఆయన సోదరుడు బారీ కూడా ఆ ఫొటోల్లో ఉండేవాడు. పెట్రీ 1989లో ఎయిడ్స్‌తో పోయాడు. ఎంతోమంది మంచి కళాకారులు ఆ జబ్బుతో పోయిన రోజులవి.

నిక్ మొహం చూస్తే ఏ దేశం అని చెప్పలేం. కళ్ళు ఒక చోటివి, దవడ ఒక చోటిది. ఒకసారి లాండ్రెట్ బల్ల మీద ఎవరో వదిలేసిన పత్రిక తిరగేస్తుంటే తెలిసింది, ఆయన పూర్వీకుల్లో ఐరిష్, డచ్, ఇంగ్లీషు వాళ్ళతో పాటు బర్మా వాళ్ళు కూడా ఉన్నారని. చదివి కాసేపు అలాగే ఉండిపోయాను.

ఎందుకంటే మాది కాకినాడ. మా తాతగారు రంగంలో పనిచేశారు. రంగూన్‌ని మా వాళ్ళు రంగం అనేవాళ్ళు. కాకినాడ రేవులో స్టీమరెక్కి మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వేలమంది వెళ్ళారు. మా పక్కనున్న కోరంగి పేరు మీదే అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలు అని పిలిచేవారు. 1941 డిసెంబర్లో జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులేశాక జనం కొండలూ అడవులూ పట్టి నడిచొచ్చారు. మా తాతగారు అలా నడిచొచ్చినవాళ్ళలో ఒకరు. ఆయన వెంట తెచ్చుకోగలిగింది ఒక చిన్న లక్క డబ్బా. మా మామ్మ అందులో పసుపు పోసుకునేది. చిన్నప్పుడు ఆ డబ్బా మూత మీద బొమ్మల్ని వేలితో రాస్తూ కూర్చునేదాన్ని.

ఏ సంబంధమూ లేదు, నాకు తెలుసు. మా తాతగారు మూటలు మోసినచోటినుంచి వచ్చిన రక్తం చుక్క ఒకటి ఎసెక్స్ కుర్రాడి మొహంలో ఉందని తెలిస్తే ఒరిగేదేముంది? కానీ పరాయి ఊళ్ళో ఒంటరిగా ఉన్న పిల్లకి అలాంటి చిన్న దారప్పోగు దొరికినా చాలు. ఆ రోజు నుంచి ఆయన నాకు టీవీలో మోడల్ కాదు, ఎవరో చుట్టాలబ్బాయి.

1986 నవంబర్‌లో ఆయన మొదటి పాట వచ్చింది, 'ఈచ్ టైమ్ యూ బ్రేక్ మై హార్ట్'. మడోన్నా, స్టీఫెన్ బ్రే కలిసి రాసి, వాళ్ళే ప్రొడ్యూస్ చేశారు. వెనక వినిపించే ఆడగొంతు మడోన్నాదే. అప్పుడామె ప్రపంచంలోనే పెద్ద పాప్ గాయని. అందుకని పేపర్లన్నీ మడోన్నా చేతి చలవ అనీ, అందగాడికి ఒక పాట ఇచ్చారనీ రాశాయి. పాట 5వ స్థానం దాకా వెళ్ళింది. గురువారం రాత్రి టీవీలో 'టాప్ ఆఫ్ ద పాప్స్' అనే పాటల కార్యక్రమంలో చూశాను.

అప్పుడు విన్నాను ఆ గొంతు. మోడల్ కదా, ఏదో పాడేస్తాడులే అనుకున్నవాళ్ళకి అది చెవిన పడలేదు. పైకి వెళ్ళేటప్పుడు సన్నగా, కాస్త బొంగురుగా, ఎక్కడా గట్టిగా అరవకుండా పాడతాడు. చరణం చివర్లో ఊపిరి కాస్త వినిపిస్తుంది. మన పాటల్లో ఎ.ఎం. రాజా గారి గొంతు వింటే పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది చూడండి, అలాంటి దగ్గరతనం. సంగీతం వేరు, దేశం వేరు, కానీ ఆ దగ్గరతనం ఒకటే. వూల్‌వర్త్స్ అనే షాపులో ఆయన ఆల్బమ్ క్యాసెట్ కొన్నాను. ఇంగ్లండ్‌లో నా చేత్తో నేను కొనుక్కున్న మొదటి వస్తువు అది. అంతకుముందు బియ్యం, పప్పు, ఉల్లిపాయలు కొన్నాను కానీ అవి ఇంటికి.

ఆ క్యాసెట్‌తోనే నాకు ఎసెక్స్ ఇంగ్లీషు కూడా వచ్చిందంటాను. పాటలో మాట సాగదీసి పాడతారు కాబట్టి అర్థమయ్యేది. ఒకసారి పట్టుబడ్డాక బజార్లో కూడా పట్టుబడింది.

తర్వాత 1987లో ఫోర్ టాప్స్ అనే గ్రూపు పాడిన పాత పాట 'లవింగ్ యూ ఈజ్ స్వీటర్ దాన్ ఎవర్' మళ్ళీ పాడాడు, అది 16వ స్థానానికి వెళ్ళింది. మార్విన్ గే, ఫోర్ టాప్స్ ఇద్దరిదీ మోటౌన్ అనే అమెరికా రికార్డు కంపెనీయే. ఏ పాట నీడన నోరు విప్పకుండా నిలబడ్డాడో ఆ ఇంటి పాటే తీసుకుని తన గొంతుతో పాడాడు. నాకు అది చాలా నచ్చింది. 1988లో 'టెల్ మీ' వచ్చింది. ఇటలీలో నంబర్ వన్. ఇంగ్లండ్‌లో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికి మేం హార్లో వదిలేశాం. ఆ దేశంలో జూనియర్ డాక్టర్ల బతుకు అంతే, ఆర్నెల్లకో ఊరు. వచ్చేముందు లాండ్రెట్ పెద్దావిడకి ఆ ఉప్పాడ చీరే ఇచ్చాను. వద్దంటూనే తీసుకుంది. కిటికీకి కట్టుకుంటానంది. ఆ ఏడాదే మాకు అమ్మాయి పుట్టింది.

ఇక 1990. 'ఐ ప్రామిస్డ్ మైసెల్ఫ్'. నాకు నేను మాటిచ్చుకున్నాను అని. అది ఆయన చేతి పాట. నా దృష్టిలో ఆయన చేసినవాటన్నిట్లోకీ అదే మేలైనది. స్వీడన్, ఆస్ట్రియా, జర్మనీ, ఎక్కడ చూసినా అదే మోగింది. సొంత దేశంలో 50వ స్థానం దాటలేదు. నాకు ఆ అంకె చూస్తే ఇప్పటికీ మనసు కష్టంగా ఉంటుంది. ఆయన్ని వాళ్ళు ఒకసారి చూసేశారు. బల్ల మీద బాక్సర్లతో కూర్చున్న అబ్బాయిగా చూసేశాక, వినడానికి మనసు రాలేదు వాళ్ళకి. అందం ఒక్కోసారి మనిషికి అలా అడ్డం నిలబడుతుంది. ఇటలీ వాళ్ళు, జర్మన్లు కూడా ఆ ప్రకటన చూసే ఉంటారు. అయినా వాళ్ళు విన్నారు.

ఆ ఏడాది మేం ఇంటికెళ్ళిపోవాలా, ఉండాలా అని మల్లగుల్లాలు పడుతున్నాం. మా ఆయనకి పై పోస్టు రాలేదు. మూడుసార్లు ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చారు. మూడోసారి వచ్చిన రాత్రి టై విప్పకుండానే మంచం మీద కూర్చుని, "నాన్న ఉత్తరం రాశారు, కాకినాడలో ప్రాక్టీసు పెట్టుకోమంటున్నారు" అన్నారు. నేను వంటింట్లో ఉన్నాను. రేడియోలో ఈ పాటే వస్తోంది. ఎదురుచూస్తానని తనకి తాను మాటిచ్చుకున్న అబ్బాయి పాట అది. నేను స్టవ్ ఆపి వచ్చి, వెళ్ళిపోదాం అన్నాను. 1991లో వచ్చేశాం.

నిక్ 1992లో ఇంకొక ఆల్బమ్ చేశాడు. తర్వాత నెమ్మదిగా పక్కకి తప్పుకున్నాడు. వెలుగులోకి రావాలని గోల పెట్టలేదు, పాత ప్రకటనని పట్టుకుని తిరగలేదు. ఆయన పాటని మాత్రం జనం వదల్లేదు. స్వీడన్ గ్రూపు ఏ-టీన్స్ 2004లో పాడారు, అదే దేశం నుంచి బాస్‌హంటర్ 2009లో పాడాడు. పాడిన ప్రతివాళ్ళదీ విన్నాను. అందులో ఉన్న ఎదురుచూపు నిక్ గొంతులోనే ఉంది.

నా క్యాసెట్ కాకినాడ ఉప్పుగాలికి పాడైపోయింది. టేపు అంటుకుపోయి, పెన్సిలు పెట్టి తిప్పినా కదలలేదు. పారేయలేదు. మామ్మ లక్క డబ్బా నా దగ్గరే ఉంది, అందులో పట్టలేదు కాబట్టి దాని పక్కనే పెట్టాను.

2021 మేలో ఆయన పోయిన వార్త ఫోన్‌లో చూశాను. 4వ తేదీన, 59 ఏళ్ళకి, చాలాకాలం మూలుగ క్యాన్సర్‌తో బాధపడి. మడోన్నా రాసింది, గాయకుడు బాయ్ జార్జ్ రాశాడు. ఆ నెల మనకెలాంటిదో చెప్పక్కర్లేదు. ఫోన్ మోగితే గుండె ఝల్లుమనేది. మా వీధిలోనే నలుగురు పోయారు. ఆక్సిజన్ కోసం మా ఆయనకి అర్ధరాత్రి ఫోన్లు. అంతమంది మనవాళ్ళు పోతుంటే ఎక్కడో లండన్‌లో ఒక పాటగాడు పోయాడని ఎవరితో చెప్పుకుంటాను? ఎవరితోనూ చెప్పలేదు. రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్‌లో పెట్టుకుని ఒక్కసారి విన్నాను. అంతే.

నెల తర్వాత అనుకుంటాను, మా అమ్మాయి ఫోన్ చేసింది. జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం దానిది. నేను డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. ఇంట్లో మెషీన్ ఉంది, ఎన్నో ఏళ్ళుగా ఉంది, కానీ నూలు చీరలు మాత్రం ఇప్పటికీ దిండు గలీబులో పెట్టే వేస్తాను. "అమ్మా, మాట్లాడకు, విను" అంది. సూపర్‌మార్కెట్‌లో ఉన్నట్టుంది, బండి చక్రాల చప్పుడు, ఎవరో జర్మన్‌లో ఏదో అడుగుతున్నారు. వాటి వెనకాల, పైన స్పీకర్లోంచి, ఆ గొంతు. "నువ్వు ఇంట్లో పాడేదానివి కదా, ఇదేనా?" అంది. "అదే" అన్నాను. "ఇక్కడ ఎప్పుడూ వేస్తూనే ఉంటారమ్మా" అంది.

పాట అయిపోయేదాకా అది అలాగే ఫోన్ పైకెత్తి పట్టుకుంది. నా చేతిలో తడి చీర ఒక కొస ఉంది, మిగతాదంతా బకెట్‌లోనే ఉంది. పాట అయ్యాక కింద పేపరు చదువుకుంటున్న మా ఆయన్ని కేకేశాను, పైకొచ్చి రెండో కొస పట్టుకోమని.